దేవుళ్లు నోటుపుస్తకాలు

"ఆ మూడూ ఎక్కడ పెట్టేవమ్మా?"

తెల్లారినప్పటి నుంచి ధర్మారావు గారు ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. మొదటిసారి గొంతులో మర్యాద ఉంది. రెండోసారి విసుగు వచ్చింది. ఇప్పుడు ఆ రెండూ పోయి, వణుకు మాత్రం మిగిలింది.

హాల్లో అలమారు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఏళ్ల తరబడి అంగుళం కదలని పుస్తకాలు నేల మీద గుట్టలుగా పడి ఉన్నాయి. డెబ్బై రెండేళ్ల మనిషి, లుంగీ ఎగగట్టి, మంచం కింద టార్చిలైటు వేసి మరీ వెతుకుతున్నారు. కాలేజీలో ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైన మనిషి. నర్సీపట్నంలో సగం మంది ఆయన్ని చూస్తే ఇప్పటికీ సైకిలు దిగుతారు.

"అవి ఇంట్లో లేవండీ మావయ్యగారూ," అంది గౌతమి.

"మరెక్కడున్నాయి?"

"భద్రంగా ఉన్నాయి."

"ఎవరి నుంచి భద్రం? నా నుంచేనా?"

నిన్న సాయంత్రమే వాటిని అబీద్ సెంటర్లో జిరాక్స్ షాపులో ఇచ్చి వచ్చింది. ప్రతి పేజీ స్కాన్ చేయమంది. ఇంట్లో ఉంచడానికి భయపడింది. ఈ ఇంట్లో, ఈ మనిషికి తను భయపడే రోజు వస్తుందని ఎవరైనా పోయిన వారం చెప్పి ఉంటే నవ్వి ఉండేది.

పోయిన ఆదివారం తన పరిశోధన పని మీద కృష్ణదేవిపేట వెళ్లినప్పుడు, చనిపోయిన దేవుళ్లు మాస్టారి రేకుపెట్టెలోంచి బయటపడ్డాయి ఆ మూడు నోటుపుస్తకాలు. కొండ మీద కుటుంబంలో పుట్టి, కొండ మీద బడిలోనే పాఠం చెప్పిన మనిషి ఆయన. పోడు సేద్యం మాటలు వెయ్యిన్నీ నూట నలభై ఏరి రాసేడు. ప్రతి మాట పక్కనా ఎవరు చెప్పేరు, వాళ్లది ఏ ఊరు, ఏ రోజు విన్నాడు అన్నీ ఎర్ర పెన్సిలుతో ఉన్నాయి. మూడో పుస్తకం చివర తారీఖు పంతొమ్మిది వందల తొంభై రెండు.

ఆ మాటలన్నీ గౌతమికి ముందే తెలుసు. మావయ్యగారు తొంభై ఏడులో అచ్చు వేయించిన 'కొండవాలు పదకోశం'లో ఉన్నాయి. తన పిహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో రెండువందల పన్నెండు చోట్ల ఆ పుస్తకాన్నే ఆధారంగా చూపింది. దేవుళ్లు మాస్టారు ఒకచోట ఏమరుపాటున ఒకే మాటని రెండుసార్లు రాసేడు. పదకోశంలోనూ ఆ మాట రెండుసార్లే ఉంది. పేర్లే లేవు. ఒక్క పేరూ లేదు.

ధర్మారావు గారు నడుం పట్టుకుని లేచి కుర్చీలో కూలబడ్డారు.

"నా పుస్తకం నీ కళ్లకి దొంగసొత్తులా కనిపిస్తోందన్నమాట."

"నేనా మాట అనలేదండీ."

"నువ్వు అనక్కర్లేదు. పాదసూచికలు మార్చు. లోకమే అంటుంది."

"మావయ్యగారూ..."

"దేవుళ్లు మాటలు ఏరేడు. కాదన్నానా? వాటిని అకారాదిగా పేర్చింది ఎవరు? పక్క భాషల్లో ఏటున్నాదో చూసి పోల్చి రాసింది ఎవరు? అయిదేళ్లమ్మా! అయిదేళ్లు కళ్లు పోగొట్టుకున్నాను. రాళ్లేరినవాడూ గుడి కట్టినవాడూ ఒకటేనా?"

"మీ పని మీదేనండీ. పోలికలకీ, వ్యుత్పత్తులకీ మీ పుస్తకమే చూపిస్తాను. ఆ మాట ఎవరు చెప్పేరు, ఎవరు విని రాసేరు అన్నచోట మాత్రం..."

"ముందుమాటలో రాసేను కదా. పలువురు మిత్రులు సహకరించారని."

"ఆ పలువురూ నలభై నాలుగు మందండీ. అందరికీ పేర్లున్నాయి."

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది. అత్తయ్య వెంకటదుర్గ అక్కడే ఉంది. నాలుగు రోజులుగా ఇల్లు ఇంత అల్లకల్లోలమవుతుంటే ఆవిడ ఇటో మాట, అటో మాట అనలేదు. వంటింటి గుమ్మం దాటి రాలేదు.

గౌతమి మెల్లగా అంది. "రెండో ముద్రణ ప్రూఫులు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి కదండీ. అందులో పేర్లు వేయించేయండి. మీరే వేస్తే..."

"ఇన్నేళ్ల తరవాతా? ఇన్నాళ్లూ ఎందుకు వెయ్యలేదయ్యా అని ఎవడో ఒకడు అడగడూ? ఏం చెప్పను? మర్చిపోయానని చెప్పనా?"

"ఎవరి మాట వాళ్లకి ఇచ్చెయ్యాలని నాకు నేర్పింది మీరేనండీ."

అనకుండా ఉండాల్సింది. అనేసింది.

ధర్మారావు గారి ముఖంలో రంగు దిగిపోయింది. పెళ్లయి ఈ ఇంటికొచ్చేనాటికి గౌతమికి డిగ్రీ మాత్రమే. మాకవరపాలెం దగ్గర చెరకు రైతుల ఇంటి పిల్ల. పుట్టింట్లో చదివింది చాలన్నారు. ఎమ్మే ఎంట్రన్సుకి స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్లి, పరీక్ష అయ్యేదాకా గేటు బయట ఎండలో నిలబడింది ఈ మావయ్యగారే. ఇదే హాల్లో, ఇదే బల్ల మీద, పాదసూచిక ఎలా రాయాలో నేర్పేరు. రచయిత పేరు, గ్రంథం పేరు, ఏడాది, పుట. ఒక్క కామా తప్పినా చెరిపించేవారు. "చదివేవాడు నీ వేలు పట్టుకుని ఆ మాట పుట్టినచోటికి నడిచి వెళ్లగలగాలమ్మా," అనేవారు.

అంత చెప్పిన మనిషి ఇప్పుడు తల వంచుకుని పుస్తకాల గుట్ట వంక చూస్తున్నారు.

"లోపలికి వెళ్లమ్మా," అన్నారు. "నాకు ఒంట్లో బాగాలేదు."

*

పెరట్లో గౌతమి భర్త సూర్యప్రకాష్ బైకు స్టార్టు చేసి, మళ్లీ ఆపేసి, ఆమె కోసం నిలబడి ఉన్నాడు. మాకవరపాలెం వైపు ఓ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఫస్ట్ బెల్‌కి ఇరవై నిమిషాలుంది.

"ఏటన్నావు నాన్నని?"

"ఏమీ అనలేదండీ."

"ఏమీ అనకపోతే అలా కూలబడతారా? పొద్దున్న మాత్ర వేసుకున్నారో లేదో అదైనా కనుక్కున్నావా?"

నిజమే, అడగలేదు. రోజూ ఆ మాత్ర చేతిలో పెట్టేది తనే.

సూర్యప్రకాష్ గొంతు తగ్గించాడు. "చూడు గౌతమీ. సోమవారం నీ థీసిస్ ఇచ్చెయ్యాలి. ఆరేళ్లు కష్టపడ్డావు. యూనివర్సిటీవాళ్లు కాపీ ఏమైనా ఉందేమోనని కంప్యూటర్లో వేసి చూసేరు. ఎంతొచ్చింది?"

"ఏడు శాతం."

"పది దాకా పరవాలేదన్నారు కదా. మరి నీ గొడవేటి? ఆ కంప్యూటర్‌కి దేవుళ్లు మాస్టారు తెలీదు. మీ గైడుకి తెలీదు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిపోయింది కదండీ."

"సరే. రెండూ రాసేయ్. నోటుపుస్తకాలు, నాన్న పుస్తకం. పక్కపక్కన. ఎవరికీ బాధ లేదు."

"ఏది ముందు రాయను?"

"ఏది ముందైతే ఏటి?"

"తొంభై రెండు ముందా, తొంభై ఏడు ముందా? లెక్కల మాస్టారు మీరు."

సూర్యప్రకాష్ కిక్కు రాడ్డు మీద కాలు పెట్టి అలాగే ఉండిపోయాడు. కోపం వస్తే అతని చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు చెవులు కాదు, కళ్లు ఎర్రబడుతున్నాయి.

"ఆయన మా నాన్న గౌతమీ," అన్నాడు. "బజార్లో ఎవరైనా 'మాస్టారి అబ్బాయి' అంటే ఇప్పటికీ నాకు ఛాతీ పొంగుతుంది. అది తీసెయ్యకు నా దగ్గర్నుంచి."

బైకు వెళ్లిపోయింది. పొగ వాసన పోయేదాకా గౌతమి అక్కడే నిలబడిపోయింది. అతను తిట్టి ఉంటే బాగుండుననిపించింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఈ మాటకి ఏం జవాబు చెప్పాలి?

గైడు గోపీకృష్ణ గారికి నిన్న ఫోన్లో సగమే చెప్పింది. పదకోశం కంటే పాత రాతపుస్తకాలు దొరికాయని మాత్రం అంది. ఆయన ఉత్సాహపడిపోయారు. "అచ్చుకాని రాత అయితే అది ఎవరి దగ్గర ఉందో రాయాలమ్మా. ఆ ఇంటివాళ్ల అనుమతి కాగితం కూడా కావాలి. తెచ్చుకో," అన్నారు. ఆ కాగితం కోసం ఈ రోజు మళ్లీ కృష్ణదేవిపేట వెళ్లాలి. వెళితే ఇక వెనక్కి రావడం ఉండదు. వెళ్లకపోతే సోమవారం తన పేరుతో ఇచ్చే గ్రంథంలో రెండువందల పన్నెండు అబద్ధాలుంటాయి.

చెప్పులు తొడుక్కుంటుంటే వెనకనుంచి అడుగుల చప్పుడైంది. వెంకటదుర్గ. చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా ఉంది.

"పులిహోర," అంది. "దార్లో తిను."

"ఎక్కడికెళ్తున్నానో మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలవకేటి."

గౌతమి ఆవిడ ముఖంలోకి చూసింది. అక్కడ ఏమీ దొరకలేదు. కోడలి మీద కోపమో, మొగుడి మీద జాలో, ఏదో ఒకటి కనిపిస్తుందేమోనని చూసింది.

"బేగి ఎల్లి బేగి రా. నాలుగు దాటితే అటునుంచి ఆటోలు దొరకవు," అని లోపలికి వెళ్లిపోయింది వెంకటదుర్గ.

*

షేర్ ఆటోలో ఎనిమిది మంది. గొలుగొండ దాటేసరికి రోడ్డుకి రెండువైపులా జీడితోటల పూత వాసనతో ముక్కు నిండింది. మామూలు రోజుల్లో ఆ వాసనకి ఆమె మనసు తేలికయ్యేది. ఇవాళ ఫోను చూడడం, లోపల పెట్టడం, మళ్లీ తీయడం, ఇదే సరిపోయింది. సూర్యప్రకాష్ రెండుసార్లు చేశాడు. ఆటో హోరులో ఎత్తలేదు. ఎత్తడానికి ధైర్యమూ లేదు.

దేవుళ్లు మాస్టారి ఇల్లు ఊరి చివర. రేకుల వసారాలో ఆయన భార్య సోమలమ్మా, ఆయన తోడబుట్టిన అప్ప గున్నమ్మా ఎదురెదురుగా కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. గున్నమ్మకి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పోయిన ఆదివారం గౌతమి వచ్చినప్పుడు ఆవిడ కొండ మీద కూతురింట్లో ఉంది.

"రామ్మా, కూకో," అంది సోమలమ్మ పీట జరిపి. "పుస్తకాలు తెచ్చేసినావేటి?"

"లేదమ్మా, ఇంకా నా దగ్గరే ఉన్నాయి. అడుగుదామని వచ్చేను. నేను రాసే దాంట్లో ఆ మాటలు మాస్టారు రాసినవని చెప్పుకోవాలి. దానికి మీ ఒప్పుదల కావాలి. సంతకం పెట్టాలి."

"సెప్పుకోడానికి ఒప్పుదలేటి? ఆయన రాసినవే కదా."

"అచ్చయిన పుస్తకంలో మాత్రం..." గౌతమి ఆగింది. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూనే వచ్చింది. తీరా వచ్చేక ఒక్క మాటా నిలవలేదు. "అచ్చయిన పుస్తకంలో మాస్టారి పేరు లేదమ్మా. అది మా మావయ్యగారి పుస్తకం. ధర్మారావు గారు. నేను వాళ్ల కోడల్ని. పోయినసారి మీకు ఆ మాట చెప్పలేదు."

సోమలమ్మ చేతిలో చింతకాయ చిటుక్కున విరిగింది. గింజ తీసి పక్కన పడేసింది. ఇంకో కాయ తీసుకుంది.

"నాకు తెలుసమ్మా," అంది. "నువ్వొచ్చిన రోజే తెలుసు. నీ వూరు సెప్పినావు, ఇంటిపేరు సెప్పినావు. నాకు మతినేదనుకున్నావా?"

"మరి... పుస్తకాలు ఎందుకిచ్చేరు?"

"సదువుకున్న పిల్లవి. ఏటి సేస్తావో సూద్దామని."

గౌతమి తల దించుకుంది.

"మీ మావ సెడ్డోడు కాడమ్మా," అంది సోమలమ్మ. "ఈ వసారాలోనే కూకుని సోడంబలి తాగినాడు. మా ఆయన్ని తమ్ముడా అనేవోడు. పుస్తకాలు అట్టుకెల్లినాడు, రెండేళ్లకి తెచ్చి భద్రంగా ఇచ్చినాడు. అచ్చు అయినాక మా ఆయన నర్సీపట్నం ఎల్లి ఓటి తెచ్చుకున్నాడు. ముందునించి ఎనక్కి, ఎనకనించి ముందుకి తిరగేసినాడు. అన్నం తినమంటే వొద్దన్నాడు."

"ఏమన్నారు?"

"'నా పేరు నేపోతే పోనీయే, నాకు సెప్పినోల్ల పేర్లేవే సోమలా' అన్నాడు. అంతే. మరి ఆ ఊసు ఎత్తనేదు. మీ మావ ఇటేపు రావడం మానేసినాడు. వొచ్చుంటే ఈయన మాటాడేసేవోడే. మనసులో ఏటీ ఎట్టుకోడు." సోమలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "సంతకం ఎడతాను. గానీ ఓ మాట. రాస్తే అందర్నీ రాయి. ఆయనొక్కడి పేరూ రాసీసి వొగ్గీకు. ఆయనకి అదీ ఇష్టం ఉండదు."

"అందర్నీ రాస్తానమ్మా. ప్రతి మాటకీ చెప్పినవాళ్ల పేరు రాస్తాను."

అప్పటిదాకా మాట్లాడని గున్నమ్మ తలెత్తింది. "నా పేరుందేటి అందులో?"

గౌతమి ఫోను తీసింది. స్కానుకి ఇచ్చేముందు కొన్ని పేజీలు ఫొటో తీసి పెట్టుకుంది. వెతికి, పెద్దది చేసి, చదివింది.

"పాలవాన. సోడి, అంటే రాగి కంకి, పాలుపోసుకునే వేళకి పడే సన్నటి వాన. చెప్పింది గున్నమ్మ, నలభై ఏళ్లు. విన్నది మంచె మీద, పిట్టల్ని తోలుతూ ఉండగా."

సోమలమ్మ కళ్లు వసారా అవతలికి తిప్పుకుంది. భర్త గొంతులాంటిదేదో ఆ నాలుగు ముక్కల్లో ఆవిడకి వినిపించి ఉంటుంది.

గున్నమ్మ మాత్రం తల అడ్డంగా ఆడించింది.

"తప్పు రాసినాడు."

"ఏంటి మామ్మా?"

"ఆ మాట నాది కాదు. మా అత్త సెప్పింది నాకు. సిట్టితల్లని, మా అత్త. పెల్లయి కొత్తగా ఎల్లినప్పుడు, 'సూడే గుంటా, ఇది పాలవాన, ఇది పడిందంటే గింజ గట్టిపడతాది' అని సెప్పింది. ఆవిడ పేరు రాయి."

"ఆవిడ పోయి చాలా ఏళ్లయి ఉంటుంది కదా మామ్మా. మాస్టారు విన్నది మీ నోటి నుంచే..."

"పోతే? మాట ఉంది కదా." గున్నమ్మకి కోపం వచ్చింది. "ఆడు నన్నడిగినాడు, నాను సెప్పినాను. ఎవులు సెప్పినారని ఆడు అడగనేదు. అడిగితే సెప్పుదును. నాది కానిది నాదని రాసుకుని ఏటి సేసుకుంటాను? కొట్టీ, కొట్టీ. మా అత్త పేరు రాయి."

"కొట్టెయ్యను మామ్మా. ఇద్దరి పేర్లూ రాస్తాను. చిట్టితల్లి చెప్పగా గున్నమ్మ, గున్నమ్మ చెప్పగా దేవుళ్లు."

గున్నమ్మ ఆ వరసని తనలో తాను ఓసారి అనుకుంది. సరిపోయినట్టు తల ఊపింది. మళ్లీ చింతపండు మీదికి వంగింది.

సోమలమ్మ గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా సంతకం పెట్టింది. అక్షరాలు భర్తే నేర్పాడట. తారీఖు వేసి, ఊరి పేరు రాసి, కాగితం చేతికిస్తూ అడిగింది.

"ఇది ఎల్లినాక మీ ఇంట్లో నీకు కూడెడతారా అమ్మా?"

గౌతమి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

*

ఇంటికి చేరేసరికి మూడున్నర.

గుమ్మంలోనే ఆగిపోయింది. అలమారు తలుపులు మూసి ఉన్నాయి. నేల మీద ఒక్క పుస్తకం లేదు. అన్నీ ఎక్కడివక్కడ సర్దేసి ఉన్నాయి. ధర్మారావు గారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా బల్ల మీద రెండో ముద్రణ ప్రూఫులు, పైన ఎర్ర పెన్ను.

ఒక్క క్షణం ఆమె గుండె లేచింది. పేర్లు వేస్తున్నారేమో! ఇంత యాతనా తీరిపోతుందేమో!

"మాత్ర వేసుకున్నారా మావయ్యగారూ?"

"వేసుకున్నాను. కూర్చో. మీ గైడుగారు ఫోన్ చేస్తారు."

"గోపీకృష్ణ గారా? మీకెలా..."

"పొద్దున్న నేనే మాట్లాడేను."

ఆ మాట ఎంతో ప్రశాంతంగా అన్నారు. వంటింటి గుమ్మంలో వెంకటదుర్గ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. బడి నుంచి తొందరగా వచ్చేసిన సూర్యప్రకాష్ కిటికీ దగ్గర ఉన్నాడు. భార్య వంక చూడడం లేదు.

ఫోను మోగింది.

"స్పీకర్ పెట్టమ్మా," అన్నారు ధర్మారావు గారు. "దాపరికం ఎందుకు? అందరం విందాం."

పెట్టింది.

"గౌతమీ," అంది గోపీకృష్ణ గారి గొంతు. నిన్నటి ఉత్సాహం అందులో లేదు. "చాలా ఇబ్బందైన విషయం అమ్మా. నీకు దొరికిన నోటుపుస్తకాల గురించి మీ మావయ్యగారు చెప్పారు. అవి ఆయన చెబుతుంటే దేవుళ్లు గారు రాసిపెట్టినవటగా? ఊళ్లలో తిరిగింది, సేకరించింది ఆయనే. దేవుళ్లు గారి దస్తూరి బాగుంటుందని రాతపని అప్పగించానన్నారు. మరి నువ్వు నిన్న ఇదేమీ నాతో చెప్పలేదు."

గౌతమి మావయ్యగారి వంక చూసింది. ఆయన ప్రూఫుల వంక చూస్తున్నారు.

"సార్, అది నిజం కాదు సార్. మాస్టారి భార్య సోమలమ్మ గారు సంతకం..."

"ఆవిడ ఆయన భార్య. ఆవిడ అలా అనుకోవడం సహజం. వీరు అచ్చయిన పుస్తకం ఉన్న పండితులు. ఇద్దరిలో ఒకరి మాట నమ్మాలంటే నాకు కాగితం కావాలమ్మా. ఏది మూలమో, ఏది నకలో సోమవారంలోగా తేలాలి. తేలకపోతే ఆ అధ్యాయం తీసేసి ఇవ్వు. మూడో అధ్యాయం లేకపోతే గ్రంథం నిలబడదు, నాకూ తెలుసు. ఏం చెయ్యను?"

"నాన్నా..." అన్నాడు సూర్యప్రకాష్. అతనికీ ఈ సంగతి ఇప్పుడే తెలిసిందని ఆ గొంతులోనే తెలిసిపోయింది. "నాన్నా, నువ్వు మాతో ఎప్పుడూ ఇలా చెప్పలేదు."

"నువ్వు ఊరుకో."

"కొండల్లో తిరిగేనని ఎప్పుడూ చెప్పలేదు నువ్వు."

"ఊరుకోమన్నానా!"

గౌతమికి కళ్లనీళ్లు తిరిగాయి. అబద్ధానికి కాదు. ఎండలో గేటు బయట నిలబడిన ఆ మనిషేనా ఈయన అని. పాదసూచికలో కామా తప్పితే చెరిపించిన ఆ చెయ్యేనా ఇది అని.

అప్పుడు వెంకటదుర్గ గుమ్మం దాటింది. తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, కోడలి చేతిలో ఫోను తీసుకుంది.

"నమస్కారమండి. నాను గౌతమి అత్తనండి."

"దుర్గా," అన్నారు ధర్మారావు గారు.

ఆవిడ అటు తిరగలేదు.

"మీకు కాగితం కావాలన్నారు కదండి. ఆ పుస్తకం అచ్చుకి ఎల్లే ముందు ఫెయిర్ కాపీ రాసింది నానేనండి. ఈయన దస్తూరి ప్రెస్సోల్లకి తెలవదని నాసేత రాయించేరు. ఆ మూడు నోటుపుస్తకాలూ పక్కన ఎట్టుకుని, ఈయన సెప్పిన వరసలో అందులో ఉన్నదున్నట్టు రాసేనండి. సెప్పినోల్ల పేర్లతో సహా రాసేను. రాయడం అయిపోయేక ఈయన సూసి, పేర్లన్నీ ఎర్ర సిరాతో కొట్టీసేరు. 'పేజీలు పెరిగిపోతాయి' అన్నారు. నానూ మరి మాట్లాడలేదండి. అది నా తప్పు."

"అమ్మా," అన్నారు గోపీకృష్ణ గారు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "ఆ కొట్టివేతలున్న రాతప్రతి... ఇప్పుడు ఎక్కడైనా ఉందా?"

వెంకటదుర్గ అప్పుడు తిరిగింది. నలభై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి వంక సూటిగా చూసింది. ఆ చూపులో గౌతమి పొద్దున్న వెతికిన కోపం గానీ, జాలి గానీ లేవు. అలసట ఒక్కటే ఉంది.

"ఉందండి," అంది.

ధర్మారావు గారు దిగ్గున లేచారు. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఎర్ర పెన్ను దొర్లి నేల మీద పడింది.

"తగలబెట్టేసేనన్నావు కదే!"

ఆ కేక గోడలకి తగిలి ఆగింది. ఏమన్నారో ఆయనకే అప్పుడు వినిపించినట్టుంది. చెయ్యి నోటి దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. సూర్యప్రకాష్ కిటికీ ఊచ పట్టుకుని, తండ్రిని ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు.

ఫోనులో అవతలి నుంచి ఒక్క మాట రాలేదు. కానీ లైను కలిసే ఉంది. గోపీకృష్ణ గారు అన్నీ విన్నారు.